అమ్మ పొట్ట మీద 29 సూదులు

"నా కడుపున పుట్టి నా కడుపులోనే పొడుస్తావేంరా" అని అమ్మ అంటే ఇంట్లో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. చేతిలో సిరంజి వణుకుతోంది, నవ్వితే ఇంకా వణుకుతుందని భయం.

ఏప్రిల్ రెండో వారంలో అమ్మ ఊళ్ళో స్నానాల గదిలో జారిపడింది. మా ఊరు ఎర్రగుంట్ల దగ్గర, ఆ పక్క ఇళ్ళన్నిటికీ కింద పరిచేది కడప బండలే కదా, పొడిగా ఉన్నన్నాళ్ళు వాటంత చల్లటి నేల ఇంకోటి లేదు, సబ్బు నీళ్ళు పడితే మాత్రం కాలు నిలవదు. తుంటి దగ్గర ఎముక విరిగింది. కడప తీసుకొచ్చి ఆపరేషన్ చేయించి, ఆరో రోజు మా ఇంటికి తెచ్చుకున్నాం. డిశ్చార్జి కాగితంలో మాత్రలన్నీ రాశాక ఆఖరి వరుసలో, రక్తం గడ్డకట్టకుండా ఆపే ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్ 0.4 ఎం.ఎల్., చర్మం కింద, రోజుకొకటి, ఆపరేషన్ రోజు నుంచి లెక్కేసి 35 రోజులు అని ఉంది. ఆరు అక్కడే అయిపోయాయి, మిగతా 29 మా చేతుల మీదుగా.

"వేయడం వచ్చు కదా?" అని సిస్టర్ అడిగితే నేనూ నా భార్యా ఒకేసారి తలూపాం. అమ్మకు తొమ్మిదేళ్ళుగా షుగరు, రోజూ ఇన్సులిన్ పెన్ను, ఇదో లెక్కా అనుకున్నాం. మా తప్పులన్నీ ఆ తలూపుడు దగ్గరే మొదలయ్యాయి. ఎందుకంటే ఇన్సులిన్ దగ్గర మంచి అలవాట్లు అనుకున్నవి కొన్ని ఇక్కడ సరిగ్గా తిరగబడతాయి.

ఇన్సులిన్ పెన్ను వేసుకునే ముందు ఒకటి రెండు యూనిట్లు బయటికి వదిలి గాలి తీసేస్తాం. ఈ మందు ముందే నింపి వచ్చే సిరంజిలో కూడా చిన్న గాలి బుడగ కనిపిస్తుంది, నా భార్య అలవాటు కొద్దీ దాన్ని నొక్కి తీసేసింది, బుడగతో పాటు రెండు చుక్కల మందు కూడా పోయింది. విప్పని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెడతాం, దీన్నీ తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో ఐసు గడ్డకు ఆనించి పెట్టాం. ఇక నేను చేసిన ఘనకార్యం, సూది తీశాక దూదితో గట్టిగా, బాగా, అమ్మకు నొప్పి తగ్గాలని ప్రేమగా రుద్దడం. మూడో రోజుకు పొట్ట మీద రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చలు మూడు. "చూడు, నీ కొడుకు ముద్దర్లు వేస్తున్నాడు" అని అమ్మ వచ్చినోళ్ళందరికీ చీర పక్కకు జరిపి చూపించడం మొదలుపెట్టింది.

ఆ రాత్రి వార్డుకు ఫోన్ చేశాను. డ్యూటీలో ఉన్న సిస్టర్, పేరు అడగడం కూడా మరిచిపోయాను, విసుక్కోకుండా పది నిమిషాలు చెప్పింది. డిశ్చార్జి రోజు ఈ పది నిమిషాలు ఎవరైనా ఇచ్చి ఉంటే ఆ మూడు మచ్చలు ఉండేవి కావేమో, అయినా తల ఊపింది మేమే కాబట్టి ఆ గొడవ వదిలేస్తున్నా.

ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. మందు మొత్తం వేయాల్సిన సిరంజి అయితే బుడగను ముట్టుకోకూడదు. అది మందు వెనకాలే వచ్చి సూదిలో మిగిలిన చుక్కను కూడా లోపలికి తోస్తుంది, తీస్తే మందు తగ్గుతుంది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టాలి, లేదా వెనక్కి ఆనించి కూర్చోబెట్టాలి. బొడ్డుకు కనీసం 2 అంగుళాలు దూరంగా, అంటే మూడు వేళ్ళు అడ్డం పెడితే వచ్చేంత, పొట్ట పక్కభాగంలో వేయాలి. ఒక రోజు కుడి, ఒక రోజు ఎడమ. పాత మచ్చ మీద, కుట్ల దగ్గర వేయొద్దు. స్పిరిట్ పూశాక ఆరనివ్వాలి, లేకపోతే మంట. బొటనవేలు చూపుడువేలుతో చర్మం మడత పట్టుకుని సూదిని నిటారుగా, పూర్తిగా లోపలికి దించాలి, ఇక్కడే నాకు ధైర్యం చాలక మొదటి రోజు సగం దించి ఏటవాలుగా పొడిచాను, అది తప్పు. మెల్లగా మందు ఎక్కించాలి, సూది బయటికొచ్చే దాకా మడత వదలకూడదు. చివర్న రక్తం చుక్క వస్తే దూది పెట్టి అదిమి పట్టుకోవాలి. రుద్దకూడదు. "రుద్దితే మచ్చలు పడతాయి సార్, ఇది గడ్డ కట్టకుండా ఆపే మందు, మీరు లోపల చిన్న నరాన్ని నలిపితే అది కారుతూనే ఉంటుంది" అంది. చిన్న చిన్న కమిలిన మచ్చలు ఎంత బాగా వేసినా కొన్ని వస్తాయట, భయం లేదు. మచ్చ రోజురోజుకూ పెద్దదవుతూ గట్టిపడుతుంటే మాత్రం చూపించాలి.

అమ్మ ఇన్సులిన్ కూడా పొట్టలోనే వేసుకునేది, అప్పట్నుంచి దాన్ని తొడకు మార్చాం. రెండూ ఒకే చోట పడకుండా.

ఫ్రిజ్ సంగతికొస్తే, పెట్టెలోని కాగితం మీద 25 డిగ్రీలు దాటని చోట ఉంచండి, గడ్డకట్టనివ్వకండి అని ఉంది. మే నెల కడపలో 25 డిగ్రీలు! రాసిన మనిషి ఒక్కసారి మధ్యాహ్నం ఏడు రోడ్ల దగ్గర నిలబడి ఉంటే ఆ వాక్యం రాసేవాడు కాదు. బయట 42, ఇంట్లో ఫ్యాన్ కింద పెట్టిన చెంబులో నీళ్ళే వేడెక్కుతున్నాయి. ఐసుకు ఆనుకుని ఉన్నవి గడ్డకట్టాయో లేదో తెలియక ఆ మూడూ పక్కన పెట్టేసి కొత్తవి తెచ్చాం, డబ్బులు పోయినా సరే అని. మందుల షాపాయన్ని అడిగితే ఆయనే ఒక మాట చెప్పాడు, అన్నీ ఒకేసారి ఎందుకు సార్ తీసుకెళ్ళడం, మా షాపులో ఏసీ ఎటూ నడుస్తుంది, వారానికి ఏడు చొప్పున పట్టుకెళ్ళండి అని. నాకు బాగా నచ్చిన సలహా ఇది. ఆ ఏడూ అమ్మ పడుకునే ఏసీ గదిలో, ఎండ పడని అలమరాలో.

అయితే అదే షాపులో ఇంకో వారం ఇంకో కుర్రాడు ఉన్నాడు. పెట్టె ఇచ్చాడు, నేను సంచిలో వేసుకుని వచ్చేశాను. రాత్రి ఎనిమిదికి సిరంజి తీస్తే ఎందుకో కొంచెం లావుగా, ఒంటి మీద గీతలతో ఉంది. ఇన్నాళ్ళు వేసిన సిరంజికి గీతలు లేవు. పెట్టె చూస్తే 60 మి.గ్రా., 0.6 ఎం.ఎల్. మాకు రాసింది 40 మి.గ్రా., అంటే 0.4 ఎం.ఎల్. ఫోన్ చేస్తే "ఏం కాదు సార్, కొంచెం పారబోసి వేయండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. గీతలున్న సిరంజిలో ఎక్కువ మందు తీసేసి తక్కువ వేయడం అనేది ఆసుపత్రిలో చేసే పనే, కాదనను, కానీ డాక్టరు చెప్పకుండా, చేయి వణికే నాలాంటివాడు, ట్యూబులైటు వెలుతురులో చేసే పని కాదు. స్కూటరు వేసుకుని వెళ్ళి మార్పించుకొచ్చాను. ఈ మందు డోసు మనిషి బరువును బట్టీ అవసరాన్ని బట్టీ మారుతుంది. గడ్డ రాకుండా ముందు జాగ్రత్తకు వేసేది ఒక లెక్క, ఆల్రెడీ గడ్డ ఉంటే వైద్యానికి వేసేది ఇంకో లెక్క, అది కిలోకు 1 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు దాకా ఉంటుంది. కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్ళకు తగ్గిస్తారు, ఎందుకంటే ఈ మందు బయటికి పోయేది ఎక్కువగా కిడ్నీల దారినే. అమ్మకు షుగరు కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించాకే డోసు రాశారట, అది నాకు తర్వాత తెలిసింది. కాబట్టి "మా మామకు కూడా ఇదే సూది, ఒకటి మిగిలింది, కావాలా" అని ఎవరైనా అంటే దండం పెట్టి వద్దనండి.

ఇంతకీ ఈ సూది ఎందుకు అని చుట్టాలు అడిగితే మొదట్లో నేను కూడా "రక్తం పల్చబడటానికి" అనేవాణ్ణి. ఆ ఒక్క మాటతో ఎంత తంటా వచ్చిందో. రక్తం పల్చనైతే మనిషి నీరసిస్తాడని మా పిన్నమ్మ రోజూ దానిమ్మ, బీట్‌రూట్ పంపడం మొదలుపెట్టింది, "అట్లనే ఒంట్లో రక్తం నీళ్ళయిపోతుంది, ముసలిదానికి ఎందుకురా ఇన్ని సూదులు" అని. నిజానికి ఇది రక్తాన్ని నీళ్ళలా చేయదు. రక్తం చిక్కదనం ఎంత ఉందో అంతే ఉంటుంది, గడ్డ కట్టే పనిని మాత్రం ఈ మందు నెమ్మది చేస్తుంది. మన ఒంట్లోనే గడ్డకట్టడాన్ని అదుపు చేసే ఒక ప్రోటీన్ ఉంది, ఇది దానికి బలమిస్తుంది. ఉన్న గడ్డను కరిగించదు కూడా, కొత్తది రాకుండా, ఉన్నది పెరగకుండా చూస్తుంది, కరిగించుకునే పని ఒళ్ళే చేసుకోవాలి.

తుంటి ఆపరేషన్ అంటే గడ్డలకు పిలిచి పీట వేసినట్టే. రుడాల్ఫ్ విర్కో అనే జర్మన్ డాక్టరు పేరు మీద మూడు కారణాలు చెప్తారు: రక్తం కదలకుండా నిలవడం, రక్తనాళానికి దెబ్బ తగలడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. ఎముక విరిగి, ఆపరేషన్ అయి, మంచం మీద ఉన్న మనిషికి మూడూ ఒకేసారి. పిక్కలో, తొడలో లోపలి సిరల్లో గడ్డ కడుతుంది, అది ఊడి రక్తంతో పాటు పైకి పోయి ఊపిరితిత్తుల్లో అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ విర్కో పుట్టినరోజు అక్టోబరు 13నే ప్రపంచ థ్రాంబోసిస్ దినం అంటారు.

గోంగూర కథ చెప్పాలి. ఎదురింటి అక్క వచ్చి, "సూదులు ఆపే దాకా ఆకుకూరలు పెట్టొద్దు, మా మామకు గుండె ఆపరేషన్ అయినాక డాక్టరే చెప్పినాడు" అంది. ఆమె చెప్పింది అబద్ధం కాదు, వాళ్ళ మామ వేసుకునేది ఎసిట్రోమ్ మాత్ర, అదీ గడ్డకట్టకుండా ఆపేదే, కానీ దారి వేరు. ఆ మాత్రలు, వార్ఫరిన్ లాంటివి, విటమిన్ కె మీద పనిచేస్తాయి, ఆకుకూరల్లో ఆ విటమిన్ ఉంటుంది కాబట్టి తినేది ఒక్కసారిగా పెంచినా తగ్గించినా, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్షలో లెక్క మారిపోతుంది. ఈ సూదికి ఆ గొడవ లేదు. డాక్టరును అడిగి మరీ ఖాయం చేసుకునే లోపు, అమ్మ రాగి సంగటిలోకి గోంగూర లేక ఐదు రోజులు మూతి ముడుచుకుని తింది. మందు వేరు, పత్యం వేరు.

అసలు గండం మాత్రం నొప్పి మందులతో వచ్చింది. ఒకరోజు మా ఊరి ఆర్ఎంపీ పలకరించడానికి వచ్చాడు. మంచోడు, మా నాయన పోయినప్పుడు రాత్రంతా మాతో ఉన్నాడు. అమ్మ "నడుము లాగుతోంది నాయనా" అనగానే బ్యాగు తెరిచి డైక్లోఫెనాక్ తీశాడు, పిర్రకు వేస్తా, రెండు నిమిషాల్లో హాయి అని. నేను వంటింట్లో ఉన్నాను, నా భార్య అరిచిన అరుపుకు వచ్చాను. ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, కండలోకి సూది వేస్తే ఈ మందు మీద ఉన్న మనిషికి లోపల రక్తం చేరి పెద్ద గడ్డలా ఉబ్బొచ్చు. రెండు, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి కడుపులో రక్తం కారే ముప్పును ఇంకా పెంచుతాయి. డాక్టరు నొప్పికి పారాసిటమాల్ రాశారు, చాలకపోతే ఫోన్ చేయమన్నారు. ఆర్ఎంపీకి అదే చెప్పాను, కొంచెం చిన్నబుచ్చుకున్నాడు, కాఫీ తాగి వెళ్ళాడు. ఆ రోజే ఒక అట్టముక్క మీద "రక్తం గడ్డకట్టకుండా సూది వేస్తున్నాం, అడగకుండా ఏ ఇంజెక్షనూ ఏ నొప్పి మాత్రా ఇవ్వొద్దు" అని పెద్ద అక్షరాలతో రాసి మంచం తలవైపు కట్టాను. అమ్మకు అది నచ్చలేదు, "నేనేమన్నా జైల్లో ఉన్నానా" అంది.

అమ్మ అంతకు ముందు నుంచే ఎకోస్ప్రిన్ వేసుకునేది. అది కూడా ఆస్పిరినే అని మాకు తట్టలేదు. అదృష్టం బాగుండి ఆపరేషన్ ముందే మాత్రల డబ్బా మొత్తం డాక్టరు ముందు బోర్లించాం, ఆయన చూసి సూదులు అయ్యే దాకా ఆపమన్నారు. అందరికీ ఆపరు, గుండెలో స్టెంట్ వేసినవాళ్ళు సొంతంగా ఆపితే అదే ప్రాణాంతకం. మీరు డబ్బా బోర్లించండి, ఆయన తేలుస్తాడు. పన్ను పీకించుకోవాలన్నా, వెన్నులో మత్తు సూది వేయాల్సి వచ్చినా ముందు ఈ సంగతి చెప్పడం తప్పనిసరి, వెన్ను దగ్గర రక్తం చేరితే కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంది.

దీన్ని దేంతో తయారుచేస్తారో తెలిసిన రోజు ఇంట్లో ఇంకో పంచాయితీ. మా పక్కింటి భాయ్ వాళ్ళ అమ్మకు కూడా మోకాలి ఆపరేషన్ అనుకుంటున్నారు, ఆయన సూదుల గురించి అడగడానికి వచ్చి కాగితం చదువుతూ ఆగిపోయాడు. హెపారిన్ జాతి మందులు పంది పేగుల పొర నుంచి తీస్తారు, ఎనాక్సాపరిన్ కూడా అక్కడి నుంచే. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. నేను దాచకుండా ఉన్నది చెప్పాను, ఫోండాపారినక్స్ అని పూర్తిగా రసాయనాలతో తయారుచేసే సూది కూడా ఉంది, మీ అమ్మకు అది కుదురుతుందా లేదా, సూదికి బదులు మాత్రలు సరిపోతాయా అన్నది ఆపరేషన్‌కు ముందే డాక్టరును నేరుగా అడగండి, సగంలో ఆపేయడం కంటే ముందు అడగడం మేలు అన్నాను. మా అమ్మ లోపలి నుంచి అంతా వింది. "పందిదా?" అని ఒక్క మాటే అని అటు తిరిగి పడుకుంది. ఆ రోజు సూది వేయించుకోవడానికి అరగంట బతిమాలాల్సి వచ్చింది.

పదిహేడో రోజు భయపడ్డాం. ఆపరేషన్ అయిన కాలు ఎటూ కొంచెం వాపుగానే ఉండేది, ఆ రోజు పొద్దున పిక్క దగ్గర ఇంకా ఉబ్బి, తాకితే వేడిగా ఉంది. పిన్నమ్మ అప్పటికే ఆముదం వేడి చేసి తెచ్చింది, గట్టిగా తోమితే నీరు దిగుతుందట. గిన్నె తీసుకుని పక్కన పెట్టి ఆటో పిలిచాను. ఒకవేళ లోపల గడ్డే ఉంటే పిక్కను పిసకడమంత తెలివితక్కువ పని ఇంకోటి ఉండదు, అది ఊడి పైకి పోవచ్చు. సిరల్లో రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్ తీశారు, గడ్డ లేదు, కాలు కిందికి వేలాడేసి ఎక్కువసేపు కూర్చోవడం వల్ల వచ్చిన వాపు అన్నారు. ఊరికే వచ్చి ఇబ్బంది పెట్టామా అంటే డాక్టరు కాదన్నారు, సూది వేస్తున్నా గడ్డ అసలు రాదని గ్యారంటీ లేదు, అవకాశం తగ్గుతుంది అంతే, ఒక కాలు మాత్రమే వాచినా, ఎర్రబడినా రావాల్సిందే అన్నారు. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం వస్తే మాత్రం ఆటో కోసం చూడకుండా 108. రక్తస్రావం వైపు చూడాల్సినవి వేరు: ముక్కు నుంచి ఆగకుండా రక్తం, చిగుళ్ళు, మూత్రం ఎర్రగా రావడం, విరేచనం తారులా నల్లగా రావడం. తల నేలకు కొట్టుకునేలా పడితే బయటికి ఏం కనపడకపోయినా ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ మందుతో అరుదుగా ప్లేట్‌లెట్లు పడిపోతాయి, సాధారణంగా 5 నుంచి 10 రోజుల మధ్యలో, అందుకని మాకు మధ్యలో ఒక రక్తపరీక్ష రాశారు, అది మేం రెండు రోజులు ఆలస్యంగా చేయించాం, అంతా బాగుంది గానీ ఆలస్యం చేయకుండా ఉండాల్సింది.

ఒకరోజు ప్రొద్దుటూరులో పెళ్ళి, బస్సు దొరక్క ఇంటికి వచ్చేసరికి రాత్రి పదకొండున్నర. ఎనిమిదింటి సూది అలాగే ఉంది, నా భార్యకు వేయడం వచ్చినా అమ్మ "వాడొచ్చినాకే" అని కూర్చుంది! ఆసుపత్రిలో అడిగితే, గుర్తొచ్చిన వెంటనే వేయండి, రేపు మళ్ళీ ఎనిమిదికే, ఎప్పుడూ రెండు కలిపి వేయకండి అన్నారు.

కుట్లు తీసేశారు, వాకర్‌తో హాల్లో తిరుగుతోంది, ఇక మిగిలినవి ఎందుకు, డబ్బులు దండగ అన్నది 22వ రోజు ఇంటిల్లిపాది తీర్మానం. నాకూ ఒక క్షణం అదే అనిపించింది, అబద్ధం ఎందుకు. కానీ నడవడం మొదలైనా గడ్డల ముప్పు వెంటనే పోదు, తుంటి ఆపరేషన్ తర్వాత వారాల పాటు ఉంటుంది, అందుకే 35 దాకా లెక్క. ఎవరి ఆపరేషన్‌కు ఎన్ని రోజులో వాళ్ళ డాక్టరు రాసిందే ఖాయం. గోడ మీద క్యాలెండరులో రోజుకో గీత, కుడి అయితే కు, ఎడమ అయితే ఎ. చివరి గీత అమ్మే పెట్టింది.

వాడేసిన సిరంజిలకు మొదటి రోజే ఒక డబ్బా పెట్టాం, మందపాటి ప్లాస్టిక్‌ది, మూత గట్టిగా పడేది. చెత్త ఎత్తేవాళ్ళ చేతికి సూది గుచ్చుకుంటుందని ఒక్కటి కూడా బయట వేయలేదు, సూదికి మూత తిరిగి పెట్టలేదు, చాలా గుచ్చుకోవడాలు అక్కడే జరుగుతాయట. 29 అయ్యాక మూత మీద టేపు చుట్టి, చెకప్‌కు వెళ్ళినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చాను. సిస్టర్ డబ్బాతో సహా తీసుకుంది.

ఇంటికొచ్చాక అమ్మ అడిగిన మొదటి మాట డాక్టరు ఏమన్నాడు అని కాదు. "డబ్బా యాడ?" అంది. అది చెనిక్కాయల డబ్బా అట, పోయిన సంవత్సరం జాతరలో బేరమాడి కొన్నదట. సూదులున్న డబ్బా వెనక్కి ఎట్లా ఇస్తారమ్మా అంటే, "కడిగిస్తే పోయేది కదా" అని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.